ఊపిరి తగిలిన స్ఫటికం

మెహరున్నీసా రోజూ గౌడవెల్లి నుంచి భర్త జలీల్ బండి వెనక కూర్చుని గుండ్లపోచంపల్లి షెడ్డుకు వచ్చేది. ఒక రకం ఉప్పు కరిగించిన నీళ్ల తొట్టిలో స్ఫటికాన్ని పెంచడం ఆమె పని. కంటికి కనబడని లేజరు కిరణం దాని గుండా పోతే ఆకుపచ్చ వెలుగై బయటికి వస్తుంది. పెంచడమంటే కాపలా కాయడమే. తొట్టి కదలకూడదు, వేడి ఒక్కసారిగా తగ్గకూడదు.

2012 వేసవిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. జనరేటరు మొరాయించినప్పుడల్లా ఆమె తొట్టికి ఇంటి బొంతలు చుట్టి పక్కనే కూర్చునేది. చూసినవాళ్లు నవ్వారు. నవ్వనీ! కొడుకు తాహా పుట్టినప్పుడు కూడా తానింత కనిపెట్టుకుని ఉండలేదని జలీల్‌తో అనేది. యజమాని సందీప్ ముందే చెప్పాడు మరి: "మెహరక్కా, గీ ఒక్కటి కొనేటోళ్ల దగ్గర పాసైతె షెడ్డు నడుస్తది. లేకుంటె ఇగ తాళమే."

స్ఫటికం పెరిగింది. షెడ్డులో కోత పని చేసే కుర్మయ్య దాన్ని కోసి, ముఖాలను అద్దంలా సానబెట్టాడు. తీసుకెళ్లడానికి కొనేవాళ్ల మనిషి వచ్చి కూర్చున్నాడు. డబ్బా మూసేముందు సందీప్ ఆమెను పిలిచాడు.

"నువ్వు పెంచిందే గదక్కా, ఒక్కసారి జూడు."

చూసింది. కడుపు నిండిపోయింది. పిల్లలు దూరం వెళ్లేటప్పుడు దువా చదివి నెత్తిన ఊదడం వాళ్లింట్లో అలవాటు. ఇదీ గడప దాటి పోతోంది కదా! మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, కళ్లు మూసుకుని, దువా చదివి మెల్లగా ఊదింది. ఊపిరిలో తడి ఉంటుందని, తడికి ఆ స్ఫటికం ఆగదని ఆ క్షణాన పిచ్చితల్లికి తట్టనే లేదు.

నిగనిగలాడే ముఖం మసకబారింది. గాబరాగా కొంగుతో తుడిచింది. మసక పోలేదు సరికదా, గీతలు పడ్డాయి.

"ఏమైందక్కా?" అన్నాడు సందీప్.

"నేనే ఊదిన సార్, దువా చదివి..." అంటూ బావురుమంది.

కుర్మయ్య కొలిచి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ సానబెడితే వాళ్లడిగిన మందం మిగలదు. వచ్చిన మనిషి వాచీ చూసుకుని లేచి వెళ్లిపోయాడు. సందీప్ తిట్టలేదు. తిట్టినా కాస్త బాగుండేది.

"గరం నీళ్లల్ల వేసి కరగబెట్టక్కా," అన్నాడు. "ఉప్పన్న మిగుల్తది."

వేసవంతా పెరిగినది ఆమె చేతి కిందే కరిగిపోయింది. చివరి ముక్క కూడా కనబడకుండా పోయాక తలెత్తింది.

"మల్ల పెంచుదమా సార్? ఈసారి అయినంక దాని దగ్గరికె రాను."

సందీప్ గోడ దగ్గరికి వెళ్లి, తొట్టికి కరెంటిచ్చే స్విచ్చి ఆపేశాడు.