సల్వా రోడ్డు చివర అమ్మమ్మ ఉపవాసం

పాస్‌పోర్టు లేకుండా, వీసా లేకుండా, చాప మీద నుంచి లేవకుండా ఒకేసారి రెండు దేశాల్లో కూర్చున్న మనిషి ఈ భూమ్మీద మా అమ్మమ్మ దేవకుమారి ఒక్కతే. సాక్షిని నేను. పదో తరగతి ఇంగ్లీషులో రెండుసార్లు తప్పిన సాక్షిని కాబట్టి కొంచెం చూసి నమ్మండి.

అమ్మమ్మది రాజోలు. మిషను మీద జాకెట్లు కుట్టి మా అమ్మను చదివించింది. అమ్మ కతార్‌లోని దోహాలో ఒక కంపెనీలో లెక్కలు రాస్తుంది. కిందటేడు మా ఇద్దరినీ అక్కడి ఐన్ ఖాలిద్ పేటకు తెచ్చుకుంది. ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిస్తే అందులో ఒక ముక్క మాది. కాస్త దూరంలో సల్వా రోడ్డు. దాని మీద అలా పోతూ ఉంటే సౌదీ సరిహద్దు వస్తుంది. ఈ ఊళ్ళో నాకు చదువు తప్ప అన్నీ ఒంటబట్టాయి. అమ్మమ్మకు ఏదీ ఒంటబట్టలేదు.

కారణం శుక్రవారం. రాజోలులో అది ఆవిడ ఉపవాస ప్రార్థన రోజు. పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఇక్కడేమో సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. అది అయ్యాక తెలుగు ఆడవాళ్ళంతా జెరూషా ఆంటీ ఇంట్లో కలిసి భోంచేస్తారు. ఆంటీది భీమవరం. ఆమె రొయ్యల బిర్యానీ కోసమే నేను ప్రసంగం అయ్యేదాకా మెలకువగా ఉంటాను.

అమ్మమ్మ తినదు. ఎందుకు తినదో చెప్పదు. ఉపవాసం ఉన్న సంగతి మనుషులకు తెలియనివ్వకూడదని, తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కుని మామూలుగా ఉండాలని బైబిల్లో ఉంది. అమ్మమ్మ మామూలు కంటే ఎక్కువే చేసేది. నున్నగా దువ్వుకుని, నవ్వు మొహం పెట్టుకుని, "నాకొద్దమ్మా" అనేది. నవ్వుతూ వద్దనేసరికి ఆంటీకి మరీ మండింది. కొన్ని వారాలకు పలకరించడం మానేసింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ మానేశారు.

"మాట్లాడే మనిషి లేని ఊళ్ళో నేనుండలేనే తెరెసా. టికెట్టు తియ్యి" అంది అమ్మమ్మ మా అమ్మతో.

వచ్చే శుక్రవారం సంఘం వాళ్ళ పిక్నిక్కు ఉంది, ఆ ఒక్కటి చూసి అప్పుడు చెప్పమని అమ్మ బతిమాలింది. తనకు ఆఫీసులో పనిపడి నన్ను తోడు పంపింది. శుక్రవారం ఆరాధన అయ్యాక కార్లలో సరిహద్దు దగ్గర సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఆంటీ బిర్యానీ గిన్నె చుట్టూ అందరూ ఒక చాప మీద, మేమిద్దరం ఇంకో చాప మీద. అంతలో అమ్మమ్మ ఫోను మోగి ఆగింది.

"ఏదో వచ్చింది, చదవవే."

"సౌదీ అరేబియాకు స్వాగతం" అని ఉంది. ఒక ఇంగ్లీషు వాక్యం మొత్తం అర్థమైన గర్వంలో గట్టిగా తెలుగు చేసి చెప్పాను.

"సౌదీలోకి వచ్చేశామా?"

"ఫోనే చెప్తోంది కదా అమ్మమ్మా."

"పాస్‌పోర్టు బీరువాలో ఉందే."

నాదీ అక్కడే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఇసకలో పరుగెత్తి జెరూషా ఆంటీ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా జెరూషా, మనల్ని పట్టుకుంటారంటావా?"

ఆంటీ తన ఫోను తీసి చూపించింది. అదే స్వాగతం. "బోర్డరు పక్కనే కదండీ పిన్నిగారూ, అవతలి టవరు సిగ్నలు ఇటు కొడతాదండి. మనం కతార్లోనే ఉన్నాం. ఇది మీ మనవరాలు చదివిందాండి?"

"చదివిందమ్మా. అదే వచ్చిన గొడవ."

అందరూ నవ్వారు. అమ్మమ్మ కళ్ళు తిరిగి అక్కడే కూలబడింది. ఆంటీ గ్లాసుతో నీళ్ళు అందించింది. అమ్మమ్మ నవ్వు మొహం పెట్టి తల అడ్డంగా ఊపింది.

"మా చేతి మంచినీళ్ళు కూడా పనికిరావాండి?" ఆంటీ గొంతు మారింది.

"ఉపవాసమండి" అన్నాను నేను. "ప్రతి శుక్రవారం. ఎవరికీ చెప్పకూడదంట."

అమ్మమ్మ చూసిన చూపుకు నిజంగానే సౌదీ పారిపోదామనిపించింది.

"నా వంటలో ఏం లోపమా అని ఏడుస్తున్నానండి ఇన్నాళ్ళూ. మసాలా మార్చాను, ఆఖరికి బియ్యం కూడా మార్చానండి" అంది ఆంటీ.

అమ్మమ్మ ఆంటీ వైపు చెయ్యి చాపింది. "ఇంతమందికి తెలిసిపోయాక ఇంక అది ఉపవాసమెలా అవుతుందమ్మా? ఆ గ్లాసిటివ్వు. రొయ్యలు మిగిలాయా?"

ఇప్పుడు శుక్రవారమైతే నాకంటే ముందే తయారవుతుంది. ఆంటీ వంటింట్లో నిలబడి ఉప్పు తక్కువైందని చెప్పే చనువు కూడా సంపాదించింది. టికెట్టు మాట ఎత్తడం లేదు. ఉపవాసాన్ని గుట్టుగా బుధవారానికి మార్చుకుంది.

రాసిందంతా ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విని, కళ్ళజోడు తీసి అంది: "బుధవారమని కూడా రాసేశావు కదే. ఇంక అదీ పాడయింది. ఈసారి ఏ రోజో నీకు చెప్పను. లేచి అన్నం పెట్టు."