అద్దం మూల

మిషిగన్‌లోని ఆ చిన్న ఊళ్లో దుకాణాల అద్దాల మీది పేర్లన్నీ హార్లన్ చేతి రాతే. లోపలివైపు నిలబడి అక్షరాలను తిరగేసి రాసేవాడు. బయటినుంచి సరిగ్గా కనిపించేవి, వానకి చెరిగేవి కావు. డెబ్బై రెండేళ్లకు ఆయన చెయ్యి కాఫీ కప్పు పట్టుకుంటే వణుకుతుంది గాని కుంచె పట్టుకుంటే వణకదు. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ మూతపడ్డాక దుకాణాలు ఒక్కొక్కటే పోయాయి. 2010 నాటికి ఆయన రాత మిగిలింది పాత హార్డ్‌వేర్ షాపు అద్దం మీదే. అక్కడ డెంటల్ క్లినిక్ పెడుతున్న లోకేష్ పిలిస్తే, ఏడాది తర్వాత దొరికిన పని కదా అని కుంచెలు కడిగి పెట్టెలో సర్దుకుని వచ్చాడు.

లోకేష్ ఆయన చేతికి బ్లేడు ఇచ్చి, పాత పేరు గీకేయమన్నాడు.

"పాపం, కుంచెలు కూడా తెచ్చుకున్నారు. మన పేరు ఈయనతోనే రాయించొచ్చుగా?" అంది భార్య రష్మి తెలుగులో.

"అద్దానికి అంటించే పేరు స్టిక్కర్ ఆల్రెడీ ఆర్డర్ చేశా కదా, మంగళవారం డెలివరీ."

హార్లన్‌కి మాటలు తెలియలేదు గాని, పెట్టె మీద పడ్డ ఆమె చూపు తెలిసింది. "కొత్త పేరు మధ్యాహ్నానికల్లా రాసేస్తాను" అన్నాడు. లోకేష్ ఫోన్‌లో స్టిక్కర్ చూపించాడు. హార్లన్ చాలాసేపు చూసి, "అక్షరాల మధ్య ఎడం కుదరలేదు" అని మాత్రం అన్నాడు.

బ్లేడు పట్టిన చెయ్యి వణికింది. అయినా గీత పడకుండా అంతా తీశాడు.

"మిస్టర్ హార్లన్, కింద మూలన ఇంకేదో మిగిలింది" అన్నాడు లోకేష్.

అది గోరంత అక్షరాల్లో ఆయన పేరు. హార్లన్ మోకాళ్ల మీద కూర్చుని దాన్నీ గీకేశాడు.