థోర్వాల్డ్ బావగారి ఇంటిబండి

థోర్వాల్డ్ ఏ ప్రయాణానికైనా చావు దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ ఇంటి గుమ్మం దాకా ప్లాన్ వేసేవాడు. పాలకోసం అంగడికి వెళ్తున్నానంటే చాలు, దారిలో ఏ మూస్ దుప్పి తొక్కుతుందో, శవం ఏ మలుపులో దొరుకుతుందో చెప్పి, "పాలు మాత్రం చెడిపోవులే, చలి కదా" అని ఓదార్చేవాడు. అలాస్కా మొత్తంలో ఇంత దిగులుమనిషి ఇంకొకడు లేడు. ఉండి ఉంటే ఈపాటికి ఇద్దరూ ఒకరినొకరు బెదిరించుకునే పోయుండేవాళ్ళు.

ఆయన తమ్ముడు ఎమ్మెట్ ఆకురాలే కాలంలో చేపల వల తీయడానికి వెళ్ళి, పడవ తిరగబడి నదిలో పోయాడు. ఆ ఒక్క ప్రయాణానికి మాత్రం థోర్వాల్డ్ ఏ అపశకునమూ పలకలేదు. ఆ రోజు జలుబు చేసి గొంతు పోయింది.

ఎమ్మెట్ భార్య మేవిస్ ఆ తర్వాత పొయ్యి వెలిగించడం మానేసింది. మంచం దిగడమూ దాదాపు మానేసింది. మిగిలిన కోరిక ఒక్కటే: దక్షిణాన, రోడ్డు అయిపోయే చోట, సముద్రం పక్కనున్న మంచునది పార్కుకి ఎమ్మెట్ బూడిద తీసుకెళ్ళాలి. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ చేతులు పట్టుకుని తిరిగిన చోటది. ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేదు. పొయ్యీ పడకా ఉన్న ఇంటిబండి థోర్వాల్డ్‌కి ఒకటుంది.

"తీసుకెళ్తారా బావగారూ?"

"చస్తాం."

"చస్తే చద్దాం. నాకిప్పుడు పోయేదేముంది?"

"అది కాదమ్మాయ్. ఈ చలికి మనకంటే ముందు బండి చస్తుంది. మంచు కరగనీ. అందాకా సన్నాహం చేద్దాం."

మర్నాడే ఆ తుప్పుబండిని ఆమె వాకిట్లో నిలిపి, నారింజ రంగు కరెంటు తీగ ఒకటి లాగి ఆమె ఇంటి గోడకున్న ప్లగ్గులో పెట్టి, అందులో కాపురం పెట్టాడు.

"మీ ఇల్లు రెండు మలుపుల అవతలేగా! కట్టెల పొయ్యి కూడా ఉంది."

"ఇల్లు ప్రయాణం చెయ్యదు. బండి చేస్తుంది. దాన్ని చలికి అలవాటు చెయ్యాలి."

"మరి మీకు చలెయ్యదూ?"

"హీటరుంది. ఆ తీగ దానికే."

ఆ ఏటి చలి ఎలాంటిదంటే, కాకి వాలితే దాని నీడ నేలకి అతుక్కుపోయేది. ఎగరాలంటే ముందు దాన్ని ఊడబెరుక్కోవాల్సిందే. అంత చలిలోనూ రోజూ పొద్దున్నే తలుపు మీద గుద్దులు పడేవి.

"మేవిస్! లేచావా? ఎలుగుబంటి సంగతి ఆలోచించా. మన దగ్గర ఎండుచేప ఉంటుంది, వాసనకి వస్తుంది, చస్తాం."

"ఎండుచేప తీసుకెళ్ళొద్దు!"

"ఆకలితో చస్తాం."

మర్నాడు ఆయన మాటల్లో కొండమీంచి మంచు విరిగిపడేది. ఆ మర్నాడు వంతెన కూలేది. ఒకరోజు దోమలు ఇద్దర్నీ ఎత్తుకెళ్ళి, ఏ భాగం ఎవరికని తగువులాడుకున్నాయి. మేవిస్ తిట్టడానికి మంచం దిగేది. తిట్టాలంటే ఓపిక కావాలి, ఓపికకి రొట్టె కావాలి, రొట్టెకి పొయ్యి కావాలి. ఇల్లు వెచ్చబడేది. ఆయన కాఫీ తాగి, "బాగుంది. ఇదే ఆఖరిదేమో" అని వెళ్ళిపోయేవాడు.

మంచు కరిగింది. సన్నాహం మాత్రం కరగలేదు. ఒకరోజు మేవిస్ బూడిద పోసి ఉంచిన ఎమ్మెట్ గాలాల పెట్టె తెచ్చి ముందు సీట్లో పెట్టి, తనే చక్రం పట్టుకుంది.

"అమ్మాయ్, టైర్లు…"

"ఎక్కుతారా, మీ తమ్ముడితో నేనే పోనా?"

ఎక్కాడు. బండి గర్జించి కదిలింది. గోడకున్న తీగ పీకడం ఇద్దరికీ గుర్తులేదు. ఇంజను గడ్డకట్టకుండా చలికాలమంతా బండ్లకి గోడ కరెంటు తగిలించుకునే ఆ ఊళ్ళో ఈ తప్పు చెయ్యనివాడు లేడు. కాకపోతే, ప్లగ్గు పెట్టిన పెట్టెని కూడా గోడ ముక్కతో సహా పెళ్ళగించుకుని సముద్రం దాకా ఈడ్చుకెళ్ళింది వీళ్ళిద్దరే. దారి పొడుగునా వెనక బండ్లు హారన్లు కొట్టాయి.

"విన్నావా? ముందేదో ఘోరం ఉంది. హెచ్చరిస్తున్నారు."

పార్కులో, ఏ ఏడు మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే గుంజలు పాతారు. మేవిస్ పెళ్ళి ఏటి గుంజ చెట్లలో కలిసిపోయింది. మంచు ఎక్కడో పైకి జరిగిపోయింది.

"ఇక్కడే చెయ్యి పెట్టి చూశాం. చల్లగా కాలింది" అంది మేవిస్.

పైదాకా ఎక్కారు. కింద వాగు హోరుమంటోంది. ఆమె పెట్టె తెరిచి అటు వంగబోతే, థోర్వాల్డ్ చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్ళలో వద్దమ్మా. వాడికి నీళ్ళు చాలు. మంచు మీద పెట్టు."

పెట్టింది. ఆయన ఎలుగుబంటి పేరైనా ఎత్తలేదు.

వణుక్కుంటూ దిగేసరికి పార్కు కాపలామనిషి నవ్వు ఆపుకోలేకపోతోంది. "పెద్దాయనా, మీ బండి వెనకాల ఎవరిదో ఇల్లు ఊడొస్తోంది!"

తీగ చుట్టేసి మేవిస్ బండిలోకి వెళ్ళి, వెచ్చబడదామని హీటరు మూత తీసింది. లోపల ఉడత గూడు. నిండా స్ప్రూస్ చెట్టు కాయలు.

"ఇదెప్పణ్ణుంచి?"

"కొన్నప్పణ్ణుంచి. వెలిగిస్తే ఉడతతో సహా చస్తాం."

"మరి ఆ తీగ?"

పడక కిందనుంచి కరెంటు దుప్పటి ఒకటి లాగి చూపించాడు. "ఎడమ కాలు వెచ్చగానే ఉండేది."

"చలికాలమంతా ఇందులో పడుకున్నారా! మీకు బుద్ధుందా? ఇల్లుండగా ఎందుకు?"

ఆయన దుప్పటిని శ్రద్ధగా మడతపెట్టాడు.

"మా ఇంటినుంచి నీ పొగగొట్టం కనబడదు."

మేవిస్ హీటరు మూత ఉడత గూడు చెదరకుండా మళ్ళీ పెట్టేసింది.

"వచ్చే చలికాలం మా ఇంట్లో పడుకోండి, బావగారూ. పొయ్యి పక్కగది ఖాళీయే."

"నీ ఇంట్లోనా?" థోర్వాల్డ్ అదిరిపడ్డాడు. "గోడకి అంత చిల్లు పెట్టి వచ్చావు, తీగలు బయటికి వేలాడుతూ ఉంటాయి. ముట్టుకుంటే చస్తాం!"

"అయితే ఎప్పుడు బాగుచేస్తారు?"

ఆయన గడ్డం గోక్కుని లెక్కవేశాడు.

"దారిలో చావకపోతే, ఎల్లుండి."

మేవిస్ దిగి, బండి వెనక ఒకసారి చూసొచ్చి, చక్రం పట్టుకుంది.