ఒక్క దారంతో కలిపిన రెండు వలలు

తెనాలి కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాక, రిటైర్మెంటు మూడేళ్లలో ఉందనగా, ఒక జూన్ నెలలో నన్ను బాపట్లలోని గణిత పరిశోధన విభాగానికి ప్రొఫెసరుగా వేశారు. అక్కడ నా పని పిహెచ్‌డి విద్యార్థులకు గైడుగా ఉండడం. గైడంటే దారి చూపేవాడని పిల్లలు అనుకుంటారు. అసలు పని వేరు. విద్యార్థి రాసిన థీసిస్‌లో ప్రతి వాక్యం నిజమేనని చూసి, కింద సంతకం పెట్టాలి.

నేను నెమ్మదిగా చదువుతాను. మాది వాడరేవులో చేపల వేట కుటుంబం. పలక పట్టింది పన్నెండో ఏట. అక్షరం అక్షరం కూడబలుక్కునే అలవాటు ఆ తర్వాత కూడా పోలేదు. విభాగాధిపతి శేషగిరి గారు నా గది ముందు ఆగి, "మాస్టారూ, థీసిస్ చదువుతున్నారా, వల్లోంచి నాచు ఏరుతున్నారా?" అనేవారు. రెండూ ఒకటేనండి అనేవాణ్ణి.

మాధవి నా విద్యార్థి, నేను వచ్చేసరికే సగం పరిశోధన చేసి ఉంది. దుగ్గిరాల నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఆమె పరిశోధన వలల్లాంటి ఆకారాల మీద. ఒక వల ముక్క తీసుకోండి. ముడుల సంఖ్యలోంచి దారాల సంఖ్య తీసేసి, కన్నుల సంఖ్య కలపండి. ఎంత పెద్ద వలైనా జవాబు ఒకటి అనే అంకే వస్తుంది. నాలుగు ముడులు, నాలుగు దారాలు, ఒక కన్ను ఉన్న చదరంతో మీరే చేసి చూడండి. పెద్ద వల మధ్యలో ఒక దారం తెంపితే రెండు కన్నులు కలిసి ఒకటవుతాయి. దారం ఒకటి తగ్గింది, కన్నూ ఒకటి తగ్గింది. లెక్క మారదు.

ఆమె సిద్ధాంతం ఇంతకన్నా చిక్కుది గానీ, పద్ధతి ఇదే. పెద్ద వల నుంచి ఒక్కో దారం తీస్తూ చిన్న వల దాకా రావడం. ఆఖరి అధ్యాయం నా చేతికి వచ్చేసరికి థీసిస్ ఇవ్వాల్సిన గడువు వారం ఉంది. ఆలోగా ఇస్తేనే రేపల్లె కాలేజీలో పర్మనెంటు లెక్చరర్ ఉద్యోగం. తండ్రి మంచాన ఉన్నాడు. ఇల్లు ఆమె మీదే నడుస్తోంది.

ఆ అధ్యాయంలో ఒకచోట, దారం తీసినా వల ఒకే ముక్కగా ఉంటుందన్నది స్పష్టమే, అని రాసింది. అక్కడ ఆగాను.

"ఎందుకుంటుందమ్మా?" అని అడిగాను.

"అది తెలిసిందే కదండీ సార్."

"నాకు తెలీలేదు. బోర్డు మీద చూపించు."

గీసింది. రెండో బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. రెండు వల ముక్కలు, మధ్యన కలుపుతూ ఒకే ఒక్క దారం. అది తెంపితే కన్ను ఒక్కటీ పోదు, వల మాత్రం రెండు ముక్కలవుతుంది. ఒకటి రావలసిన చోట రెండు వచ్చింది. ఆ అధ్యాయమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

శేషగిరి గారికి విషయం తెలిసి నా గదికి వచ్చారు. "అలాంటి వల ఎవడల్లుతాడండీ? ఎగ్జామినర్లు ఆ పేజీ తిప్పేస్తారు. సంతకం పెట్టేయండి, పిల్ల బతుకుతుంది" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. తిప్పేస్తారన్న మాట కూడా నిజమే. నేను పెట్టనన్నాను.

సాయంత్రం మాధవి నిలదీసింది. "ఈ ఉద్యోగం పోతే మా ఇల్లెలా నడవాలో కూడా మీరే చెప్పండి సార్."

అది నాకు తెలియదన్నాను. నిబంధనల ప్రకారం గైడును మార్చుకోవచ్చని, శేషగిరి గారు సంతకం పెడతారని కూడా చెప్పాను. ఆమె రైలుకి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చి, "ఆయన పెడతారు సార్. రేపు నా క్లాసులో ఎవరైనా లేచి ఈ బొమ్మ గీస్తే నేనేం చెప్పను?" అని, నా బల్ల మీది అధ్యాయం మళ్లీ రాయడానికి తీసుకుని వెళ్లింది.

రేపల్లె ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. ఆమె తెనాలిలో ట్యూషన్లు చెబుతూ పని మళ్లీ మొదలుపెట్టింది. ఏ దారం తెంపినా విడిపోని వలలకు మాత్రమే తన సిద్ధాంతం వర్తిస్తుందని నిరూపించింది. మొదటిదానికన్నా ఇది చిన్న ఫలితం. ఈసారి సంతకం పెట్టాను. డిగ్రీ వచ్చింది. అలాంటి ఉద్యోగం మాత్రం మళ్లీ రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతోంది.

లెక్కలు చదివే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. స్పష్టమే అని రాయబోయేచోట ఆగి, ఆ మాట కొట్టేసి, కారణం రాయండి. కారణం రాయలేకపోతే అది మీకింకా తెలియదన్నమాట. తెలియదని ఒప్పుకుంటే నష్టం ఉంటుంది. ఆ నష్టం ఎవరూ తీర్చరు.