ముల్లూ ముడీ

ఆమదాలవలసలో మా హార్డ్‌వేర్ షాపులో నేను కూర్చోవడం మొదలుపెట్టిన వారంలోనే ఒక పడవ మనిషి వచ్చాడు. నన్ను దాటి లోపలికి తొంగి చూసి, "మగోళ్ళు లేరేటమ్మా?" అని అడిగాడు. లేరన్నాను. "అయితే మళ్ళీ వస్తాన్లే" అని వెళ్ళి, ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద గంటసేపు కూర్చున్నాడు. మా బావగారు భోజనం చేసి వచ్చాకే లేచాడు. అతనికి కావలసింది అరడజను గేలాలు. అవి నా మోచేతి పక్కనున్న పెట్టెలోనే ఉన్నాయి.

ఆ రోజు అతను వేసుకున్నది ఆకుపచ్చ చొక్కా. రెండో బొత్తాం లేదు.

మా ఆయన రాజాంలో ధాన్యం వ్యాపారం చూసుకునేవారు. ఇక్కడి షాపు ఆయన అన్నగారిది. పైపులు, పెయింట్లు, తాళాలు అన్నీ బావగారే చూసేవారు. నాకు వదిలింది గేలాల పెట్టె ఒక్కటే. అది కూడా నా మీద నమ్మకంతో కాదు, వాటి గురించి ఆయనకూ తెలియదు కనుక. "ఎవడైనా గొడవకొచ్చేడంటే ఆ పెట్టి తీసీసి కుళాయిలు ఎట్టీస్తాను" అని మొదటిరోజే చెప్పారు. పెట్టె నాదైంది. షాపులో నాది అనగలిగింది అదొక్కటే.

అందుకని నేర్చుకున్నాను. టచ్ ఫోను కొత్తగా చేతికొచ్చిన రోజులవి. భాష అర్థం కాకపోయినా వీడియోల్లో చేతులు చూసేదాన్ని. తూకం కాటాకి గేలం తగిలించి, కింద సిమెంటు బక్కెట్టు వేలాడదీసి, ఎంత బరువుకి ముల్లు విచ్చుకుంటుందో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. గేలం కొనుక్కునేవాళ్ళు మొన చూస్తారు. చూడాల్సింది వంపులో తీగ మందం. మొన వాడిగా లేకపోతే ఆకురాయితో రుద్దుకోవచ్చు, తీగ పలచనిదైతే చేసేదేమీ లేదు.

ఆకుపచ్చ చొక్కా మనిషి మళ్ళీ వచ్చింది సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోయిన వారంలో. ఈసారి చేతిలో ఒక బొమ్మ చేప ఉంది. అండమాన్‌లో పనిచేసే అల్లుడు తెచ్చాడట. జానెడు పొడవు, వీపు నీలం, పొట్ట వెండి రంగు. పడవ వెనక తాడుకి కట్టి లాక్కుపోతే బతికున్న చేపలా ఈదుతుంది, పెద్ద కోనాం చేప వెంటపడి నోట కరుచుకుంటుంది. గేలాలు మాత్రం తుప్పుపట్టి రాలిపోయాయి. బావగారు సాలూరు నుంచి లారీలో వచ్చిన లోడు దించుకోవడానికి వెళ్ళారు. వేరే దారిలేక నన్నే అడిగాడు.

"మూడు ముళ్ళది ఇయ్యమ్మా."

ఒకే కాడకి మూడు ముళ్ళున్న గేలాన్ని అందరూ అలాగే అంటారు. నేను లావు తీగ ఒంటి ముల్లు తీసి చూపించాను. మూడు ముళ్ళున్నా తీగ సన్నం, పెద్ద చేప తలవిసిరితే విచ్చుకుంటుంది, ఇది విచ్చుకోదు అన్నాను.

అతను పక్కనున్నవాళ్ళని చూసి నవ్వాడు. "మూడు ముళ్ళేసినా పెళ్ళాం నిలవని రోజులివి. ఒంటి ముల్లుకి కోనాం నిలుస్తాదేటి?"

బడ్డీ దాకా నవ్వులు వినిపించాయి. నేను నవ్వలేదు. ఖాళీ బక్కెట్టులో నీళ్ళు నింపి బొమ్మని అందులో దించాను. మూడు ముళ్ళది తగిలిస్తే తోక కిందికి వాలిపోయింది. ఒంటి ముల్లుతో తిన్నగా నిలిచింది. అది చూసి ఒప్పుకున్నాడు, నా మాట విని కాదు.

తర్వాత స్వివెల్. రెండు చిన్న ఉంగరాలు, మధ్యలో తిరిగే మెడ. ఒక ఉంగరానికి పడవ తాడు, రెండోదానికి బొమ్మ వైపు తీగ కడతారు. చేప గింగిరాలు తిరిగినా తాడు మెలి పడకుండా అది తిరుగుతుంది. పెద్దది పెడితే బరువుకి బొమ్మ ఈత చెడుతుంది. నా పెట్టెలో మూడు రకాలున్నాయి. కొత్తగా వచ్చినవి చిన్నగా, తళతళలాడుతూ ఉండేవి. అట్ట మీద పెద్ద బరువే రాసి ఉంది. వాటిలోది ఒకటి తీసి ఇచ్చాను. దాన్ని కాటాకి తగిలించి చూశాను కూడా. బక్కెట్టుని మోసింది.

దసరా వెళ్ళాక అతను షాపు ముందు నిలబడి అరిచాడు. పెద్ద కోనాం పడిందట. పడవ పక్కదాకా వచ్చి, ఒక్క విసురుతో బొమ్మతో సహా పోయిందట. "ఒంటి ముల్లు ఇచ్చి నన్ను ముంచీసింది!" అని చేతిలో నైలాన్ తాడు చివర ఊపాడు. బావగారు నా వైపు చూశారు. ఆ చూపులో కుళాయిలు కనబడ్డాయి.

నేను తాడు అందుకున్నాను. చివర పందితోకలా మెలి తిరిగి ఉంది, తెగిన గుర్తు లేదు.

"ముల్లు విచ్చుకుంటే చేప పోతుంది, బొమ్మ తిరిగొస్తుంది. మీకు బొమ్మే పోయింది. ఈ మెలి చూడండి. ముడి జారిపోయింది. ముడి మీరు వేసిందేనా?"

ఎవడో వెనకనుంచి అందుకున్నాడు. "ఏటి మావా, ముడి ఎయ్యడం మర్సిపోనావా?"

అతను తాడు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు అన్నం రుచిగా ఉంది.

అయినా వదిలిపెట్టే మనిషిని కాదు. నా సరుకు మంచిదని రుజువు ఉండాలనిపించింది. పెరట్లో కరివేపాకు మొక్క దగ్గర అంచు విరిగిన ఆవకాయ జాడీలో కల్లుప్పు నీళ్ళు పోశాను. మూడు రకాల స్వివెల్స్‌కీ ఒంటి ముల్లు గేలాలు తగిలించి, గుర్తుకి మూడు దారాలు కట్టాను. పసుపు, తెలుపు, అతనికిచ్చిన రకానికి ఎరుపు. పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ జాడీలో వేసేదాన్ని. పడవలో వాటి బతుకు అదే కదా. ఎరుపు, పసుపు దారాలు, ఇనప ముళ్ళు, ఎర్రబారుతున్న నీళ్ళు ఇంట్లోవాళ్ళకి ఎలా కనిపిస్తాయో ఆలోచించలేదు.

మాఘమాసంలో ఒక ఉదయం మా అత్తయ్య కరివేపాకుకి వెళ్ళి కేక పెట్టింది.

"ఓలమ్మో! సిల్లంగి ఎట్టీసినారురా! మన ఇంటిమీద ఎవులో సిల్లంగి సేయించినారు!"

నేను పరిగెత్తేసరికి, చేతబడే అనుకుని రోకలిబండతో జాడీని ముక్కలు చేసి, మీద ఇంకో నాలుగు పోట్లు పొడిచింది. బావగారు వచ్చి, చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. "సిల్లంగి కాదే అమ్మా. మన సిన్నకోడలి సదువు."

ఆ మాట కూడా నాకు గుర్తుంది.

అందరూ లోపలికి వెళ్ళాక బురదలో వెతుక్కున్నాను. పసుపు దారం లాగితే స్వివెల్, గేలం కలిసి వచ్చాయి. తెలుపూ అంతే. ఎర్ర దారం లాగితే సగం ఉంగరం మాత్రమే వచ్చింది. రోకలి దెబ్బకే విరిగిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ విరిగిన చోట కొత్త లోహం మెరుపు లేదు. లోపలంతా నల్లగా, పొడిపొడిగా ఉంది. పైపూత కింద వట్టి ఇనప తీగ. అట్ట మీది బరువు కొత్తదానికే. ఉప్పు తిన్నదానికి కాదు.

అక్కడితో ఆపేసి ఉంటే హాయిగా ఉండేది. ఆపలేదు. అదే రకం స్వివెల్‌కి నైలాన్ తాడు కట్టి, ఉంగరాన్ని ఆకురాయితో సన్నగా అరగదీసి, బక్కెట్టు వేలాడదీశాను. ఉంగరం విచ్చుకుని తెగింది. తాడు ఊడి నా చేతిలోకి వచ్చింది. పట్టుకోవడానికి ఉంగరం లేక ముడి తనంతట తనే విప్పుకుంది. చివర పందితోకలా మెలి తిరిగి ఉంది.

నా మీద ఎవరేమన్నారో అన్నీ నాకు తెలుసు. నేనన్న మాట ఒకటి నాలుగు నెలలుగా ఇంకొకరి దగ్గర ఉందని ఆ రోజు వరకూ తోచలేదు.

బావగారికి చెప్పాను. "పాత కథ. నోరు మూసుకో" అన్నారు. వెళ్ళి చెప్పి వస్తానన్నాను. "సెప్పేవంటే ఊరు ఊరంతా మన మీదకొస్తాది. అప్పుడు పెట్టి ఉండదు, ముందే సెప్తన్నాను."

మర్నాడు శ్రీకాకుళం వెళ్ళి అక్కడ అతని ఊరికి ఇంకో బస్సెక్కాను. పడవలు ఒడ్డున ఉన్నాయి. వలలు బాగుచేస్తున్న పదిమందిలో అతను కూడా ఉన్నాడు. పక్కకి పిలిచి చెబుదామా అనిపించింది. కానీ నేనన్నది పదిమందిలో. అక్కడే నిలబడి, విరిగిన ఉంగరం, మెలి తిరిగిన తాడు ముందు పెట్టి, ముడి జారలేదని చెప్పాను. నా స్వివెల్ పాడుదన్నాను.

అతను తాడు చివర వేళ్ళతో తిప్పి చూశాడు.

"నా ముడి నాకు తెల్దేటమ్మా? సిన్నప్పటినుండి ఏస్తన్నాను. నువ్వన్నాక నామీద నాకే అనుమానం వచ్చీసింది. ఒక ముడి ఏసినకాడ మూడు ఏస్తన్నాను. పడవలో కుర్రోళ్ళు నన్ను ముడి ఎయ్యనివ్వడం మానీసినారు."

 అంత విన్నాక కూడా నా నోరు ఊరుకోలేదు. "మొదటిసారి వచ్చినప్పుడు మీరు మగోళ్ళు లేరేటి అన్నారు" అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు. నిజంగానే గుర్తులేదు. ఆకుపచ్చ చొక్కా సంగతి చెప్పాను. బొత్తాం సంగతి కూడా. వలల దగ్గరివాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. అతను వాళ్ళని కసిరి, తర్వాత తనూ నవ్వాడు. "అన్నానేమో తల్లీ. నా నోరు అలాటిదే."

క్షమించమని అతను అనలేదు, నేనూ అనలేదు. పసుపు దారం రకం స్వివెల్స్ సంచిలోంచి తీసి ఇచ్చాను. ఈ రకం ఉప్పులో మూడు నెలలుంది, ఏమీ కాలేదన్నాను.

"పెట్టి తీసెత్తారేటి మీ వోళ్ళు?" అని అడిగాడు. ఆ సంగతి అతనికెలా తెలిసిందో. టీ బడ్డీకి చెవులుంటాయి.

"తీసేస్తారేమో."

"తియ్యరు. మావోళ్ళందర్నీ నీ కాడికే పంపుతాను. సరుకు పాడైపోతే బస్సెక్కొచ్చి సెప్పినోళ్ళు ఇంకెవులున్నారు?" అని, కాస్త ఆగి, "ఒంటి ముల్లు మట్టుకు నాకొద్దు" అన్నాడు.

"ఒంటి ముల్లే మంచిది" అన్నాను. అందులో నా తప్పు లేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

అతను పడవ అంచున కూర్చుని, కొత్త తాడు చివర నాలుకతో తడిపి, పసుపు దారం స్వివెల్‌కి ముడి వేశాడు. ఒక్కటే వేశాడు. వేసి, తాడు తన చేతికి చుట్టుకుని, స్వివెల్ నా వైపు చాపాడు.

"లాగు."

చీర కొంగుతో ఉంగరాన్ని పట్టుకుని, కాళ్ళు ఇసకలో తన్నిపెట్టి, రెండు చేతులతో లాగాను. ముడి కదల్లేదు.