పక్కింటావిడ కడిగిన ముగ్గు

కిందటి ఉగాదికి మస్కట్‌లో మన తెలుగువాళ్ళు వేసుకున్న సంచికలో నేనొక జ్ఞాపకం రాశాను. చిన్నప్పుడు మేమున్న ఇంగ్లండు ఊళ్ళో పక్కింటి తెల్లావిడ ఒకరోజు బకెట్టు తెచ్చి, మా గుమ్మం ముందు అమ్మ వేసిన ముగ్గును బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగేసిందని రాశాను. తన మెట్టును మాత్రం తెల్లగా తళతళలాడించుకుందని, అమ్మ లోపల కూర్చుని ఏడ్చిందని కూడా రాశాను. చదివినవాళ్ళు ఫోన్లు చేశారు. ఒక పెద్దాయన తనకు కన్నీళ్ళు ఆగలేదన్నారు.

అందులో అమ్మ ఏడవడం, ఆవిడ ముగ్గు కడగడం నిజం. మిగతాది తప్పు. ఒక ముక్క తప్పని తెలిసే రాశాను. ఆ పక్కింటావిడ ఇప్పుడు ఉండే అవకాశం లేదు. మా అమ్మ ఉంది, ఎనభై దాటింది. తన స్నేహితురాలి మీద నేను వేసిన నిందను అదే పుస్తకంలో, అందరూ చదివేచోటే తీసేయమని అడిగింది. తను వినగలిగే రోజుల్లోనే తీసేయమంది. అందుకని మళ్ళీ రాస్తున్నాను.

ముందు ఆ వీధి సంగతి చెప్పాలి. నాన్న అక్కడి ఆస్పత్రిలో చిన్న డాక్టరు. బట్టల మిల్లుల ఊరు అది. మేం వెళ్ళేసరికి మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఎర్రటి ఇటుక ఇళ్ళు, గోడకు గోడ ఆనుకుని, వాలు వీధి పైనుంచి కిందిదాకా ఒకటే వరుస. పొగకు ఇటుకలన్నీ మసిబారి ఉండేవి. ఇంటికీ రోడ్డుకీ మధ్య ఒక్క రాతి మెట్టే అడ్డు. అరుగు లేదు, వాకిలి లేదు. మా అమ్మ వచ్చిన కొత్తలో, ఇల్లు చూసి కాదు, వాకిలి లేదని దిగులుపడిందట.

పొద్దున్నే పాలవాడు గుమ్మాల ముందు సీసాలు పెట్టిపోయేవాడు. వాటి వెండిరేకు మూతల్ని చిన్న పిట్టలు ముక్కుతో పొడిచి, పైనున్న మీగడ తాగేసేవి. అమ్మ వాటిని అదిలించేది కాదు, పాపం చలిదేశపు పిట్టలు అనేది. బొగ్గు లారీ వచ్చిన రోజున ఆడవాళ్ళంతా దండేల మీది బట్టలు లోపలికి లాక్కునేవారు. బొగ్గులాయన మొహం మీద కళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కాదు. ఆయన మొదటిసారి అమ్మను 'లవ్' అని పిలిచినప్పుడు ఆమె చటుక్కున తలుపేసుకుంది. సాయంత్రం నాన్న నవ్వి, ఇక్కడ అందరూ అందరినీ అలాగే అంటారు, మన 'అమ్మాయ్' లాంటిదే అని చెప్పాడు. నెల తిరక్కుండా కూరగాయల కొట్టువాణ్ణి అమ్మే అలా పిలిచిందని నాన్న జీవితాంతం ఏడిపించాడు.

శుక్రవారం సాయంత్రం వీధి చివరి దుకాణంలో బంగాళదుంప వేపుళ్ళు కొనుక్కునేవాళ్ళం. మీద వెనిగర్ చల్లి, పాత న్యూస్ పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేవారు. అమ్మ ఇంటికి తెచ్చి వాటి మీద కందికారం చల్లేది. ఆ వాసన కలగలుపు నాకు ఇప్పటికీ ఇష్టం. మా ఇంట్లో ఎవరికీ నచ్చదు.

పక్కింటావిడకు అప్పటికే అరవై ఉంటాయి. మిల్లు మోతలో పనిచేసి పనిచేసి చెవులు కొంచెం మందగించాయి. గట్టిగా మాట్లాడేది. పూలగౌను, తలకు గుడ్డ, ముందు జేబున్న ఏప్రన్. రోజూ పొద్దున మోకాళ్ళ కింద పాత చాప వేసుకుని మెట్టు కడిగేది. కడిగి, సబ్బుబిళ్ళంత తెల్లరాయి ఒకటి తీసి, తడి మీదనే మెట్టు అంచు పొడవునా రుద్దేది. ఆరేసరికి అంచు తెల్లగా తేలేది. ఒకప్పుడు ఆ వీధిలో అన్ని ఇళ్ళకూ ఆ అంచు ఉండేదట. మా కాలానికి పెద్దవాళ్ళ ఇళ్ళకే మిగిలింది. అంచు వెయ్యని ముసలామెను మిగతా ముసలమ్మలు సోమరిపోతని చెప్పుకునేవారు. ఆరకముందు ఎవరైనా కాలు పెడితే ఆవిడ కేక వీధి చివరిదాకా వినిపించేది.

మెట్టుకు ముగ్గు రాయి రుద్దే మనుషులు ఈ దేశంలోనూ ఉన్నారని అమ్మ సంబరపడింది. అప్పటిదాకా ఆమె బియ్యప్పిండితో వేసే ముగ్గు గాలికో చినుక్కో పోయేది. ఆ రాయి గుర్రబ్బండి మీద పాతబట్టలు కొనే అతని దగ్గర దొరుకుతుందని ఆవిడ సైగలతో చెప్పింది. బట్టలిస్తే రాయి ఇస్తాడన్నమాట. మనూళ్ళో పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే బేరం తెలిసిన మనిషికి ఇంకేం కావాలి? నాన్న స్వెట్టరొకటి ఇచ్చి రెండు రాళ్ళడిగిందట, తెలుగులోనే. రెండూ సాధించింది. ఆనాటి నుంచి పక్కపక్క మెట్ల మీద ఒకదానికి తెల్ల అంచు, ఒకదానికి ముగ్గు. అమ్మ ఆవిణ్ణి వదినగారూ అని పిలిచేది. ఆవిడ పలికేది కూడా.

ఇక ఆ రోజు. నాకు ఆరేళ్ళు. కొన్నాళ్ళుగా అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఒంట్లో బాగాలేదని మాత్రమే నాకు చెప్పారు. తిరిగొచ్చిన మర్నాడు నేను బడి నుంచి వస్తుంటే, పక్కింటావిడ మా గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముగ్గు రుద్దేస్తోంది. లోపల అమ్మ ఏడుస్తోంది. ఆరేళ్ళవాడికి ఆ రెండూ ముడిపెట్టడం ఎంతసేపు?

మర్నాడు కసి తీర్చుకుందామని బూట్లకు బురద పూసుకుని ఆవిడ తెల్ల అంచు తొక్కడానికి వెళ్ళాను. అంచు లేదు. మెట్టు ఉత్త రాయిలా ఉంది. అయినా తొక్కాను. ఆవిడ బయటికొచ్చి, బురద చూసి, నన్ను చూసి, మెట్టు తుడుచుకుంది. కేక వెయ్యలేదు. అంచు లేకపోవడం నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత కూడా చాలా రోజులు లేదు.

మరుసటి ఏడు నాన్నకు ఒమాన్‌లో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది. మస్కట్‌లోని వాడి కబీర్‌లో ఇల్లు, వెనక గోధుమరంగు కొండలు, సాయంత్రం గులకరాళ్ళలో ఫుట్‌బాల్. స్కూలు బస్సులో నేను ఇంగ్లండు నుంచి వచ్చినవాణ్ణి. మిగతా పిల్లలు కథలడిగేవారు. పిట్టలు మీగడ తాగడం రెండు రోజులు నడిచింది. ఆ తర్వాత ముగ్గు కథ చెప్పాను. దానికి బస్సంతా నావైపు తిరిగింది. కాకపోతే ఎవడో అడిగాడు, 'మరి వాళ్ళ మెట్టో?' అని. 'తెల్లగా మెరుస్తోంది' అన్నాను. అప్పుడే కథ కథలా అయింది. నలభై ఏళ్ళకు పైగా అదే చెప్పుకుంటూ వచ్చాను. కాలేజీలో, ఆఫీసులో, ఇక్కడి భోజనాల్లో. అమ్మ ముందు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. చూపు తగ్గింది. అమ్మను చూసుకోవడానికి కడప నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఒమాన్‌లోనే ఇబ్రి అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసి, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం వంటయ్యాక అమ్మకు చేతికందింది చదివి వినిపిస్తుంది. ఉగాది సంచిక కూడా అలాగే చదివింది. నేను రాసింది వస్తే కొడుకు గొప్ప చూసి అమ్మ మురిసిపోతుందనుకుందట.

ఘాలాలోని మా ఆఫీసులో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కడపావిడ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"మీరు రాసింది చదివి వినిపిచ్చినా సార్. సగానికే ఆపమనింది. కాఫీ గూడ తాగల్యా. నేనేమన్నా తప్పు చదివినానా?"

లేదన్నాను. వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇటు తిరిగింది.

"ఏరా, ఆవిడ మెట్టు తెల్లగా మెరిసిందని ఎవరు చెప్పారు నీకు?"

"నేను చూశాను కదమ్మా."

"చూశావా?"

ఆమె లేచి దిండుకు ఆనుకుంది.

"ముగ్గు కడగమంది నేనురా" అంది.

అప్పుడు చెప్పింది. అమ్మ ఆస్పత్రికి వెళ్ళింది కాన్పుకు. ఆ పొద్దున ముగ్గు వేసింది, మధ్యాహ్నానికి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడవలేదు. చెల్లెలొకతి పోయిందని చాలా ఏళ్ళ తర్వాత మా పిన్ని మాటల్లో దొర్లగా విన్నాను కానీ, అది ఆ వారమేనని నేనెప్పుడూ లెక్క కట్టుకోలేదు. నాన్న ముందు ఆ ఊసు ఎత్తకూడదు. ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి తిరిగొచ్చేసరికి మెట్టు మీద ముగ్గు అలాగే ఉంది. గుమ్మం నీడన ఉన్న రాతి ముగ్గు కదా, చెరగలేదు. పిల్ల పోయిన ఇంటి ముందు ముగ్గు. నాన్న దాన్ని చూడకుండా దాటేసి, మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మకు వంగే ఓపిక లేదు. అప్పుడు పక్కింటావిడ గిన్నెలో సూపు పట్టుకుని వచ్చింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళి ముగ్గు చూపించింది.

"బేబీ నో, దిస్ నో అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే. ఆవిడకి సరిపోయింది."

ఆవిడ సూపు గిన్నె కింద పెట్టి, తన చాప, బకెట్టు తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నేను చూసింది అది.

"మర్నాడు కిటికీలోంచి చూస్తున్నాను. తన మెట్టు కడిగింది. జేబులోంచి రాయి తీసింది. మన మెట్టు వంక చూసింది. రాయి మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. మన మైల తీరేదాకా అంచు వెయ్యలేదురా. ఎదురింటి ముసలమ్మ ఏదో అంటే తలుపేసుకుంది. మైల ఎన్నాళ్ళో ఆవిడకేం తెలుసు? నేను మళ్ళీ గుమ్మంలోకి వచ్చిన పొద్దున తనే వచ్చి రాయి నా చేతిలో పెట్టింది. నేను ముగ్గేసేదాకా అక్కడే నించుంది. అప్పుడెళ్ళి అంచు వేసుకుంది."

తలుపు దగ్గర కడపావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అమ్మ ఆమెను చూసి, ఇప్పుడు ఇవ్వవే ఆ కాఫీ అంది.

అంచు లేదని నాకు తెలుసని ఆ రాత్రే అమ్మకు చెప్పేశాను. బురద బూట్లతో తొక్కిన సంగతి కూడా. అది ఆమెకు ఇంతకుముందే తెలుసు. ఆవిడే నవ్వుతూ సైగలు చేసి చెప్పిందట, మీ అబ్బాయి నా మెట్టుకు ముగ్గు పెట్టాడని.

సంచికలో సరిదిద్దుతానన్నాను. పాప సంగతి లేకుండా రాస్తే ఎలా ఉంటుందో నాలుగైదు రోజులు ప్రయత్నించాను. చివరికి అమ్మనే అడిగాను, రాయనా వద్దా అని.

"రాయకపోతే ఆవిడ చేసింది ఎవరికి అర్థమవుతుంది?" అంది.

అలా మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ పలకని పిల్ల, పక్కింటావిడ పేరు నిలబెట్టడానికి ఈ కాగితం మీదికి వచ్చింది. పరాయిదేశపు ముసలావిడ మా మైల పట్టింది. నేను ఆవిణ్ణి దుర్మార్గురాలిగా చేసి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ ఫోన్లు చేసినవాళ్ళందరికీ ఇదే నా జవాబు. మీరు కన్నీళ్ళు పెట్టుకున్నది నిజమైన చోట కాదు, నేను పెట్టుకోమన్న చోట.

దీని చిత్తుప్రతి నిన్న కడపావిడ అమ్మకు చదివి వినిపించింది. అమ్మ ఒక్కచోటే ఆపింది. రాయి తెల్లది కాదట, బిస్కెట్ రంగుదట, ఆరాకే తెల్లగా తేలేదట. అలాగే ఉంచమంది, చిన్నప్పుడు నీకు అలా కనిపించిందిగా అని.

ఈ పొద్దున మా ఫ్లాటు గుమ్మం ముందు ముగ్గు వేస్తున్న కడపావిణ్ణి, పక్కనే గడప పొడవునా ఒక అంచు కూడా లాగమంది అమ్మ. ఆ రాయి ఇక్కడ ఎక్కడిది? మా అమ్మాయి స్కూలు బ్యాగులోంచి సుద్దముక్క తీసిచ్చాను. ఎదురింటి మలయాళీ ఆయన లిఫ్టు కోసం నిలబడి, ఈ రోజు ఏం పండగని అడిగాడు. అమ్మ వాకర్ పట్టుకుని గుమ్మందాకా వచ్చి, వంగి, ఆ మసక కళ్ళతోనే అంచు చివరిదాకా చూసింది.

"వంకర పోయింది" అంది. "తుడిచి మళ్ళీ వెయ్యి. వదినగారైతే ఒప్పుకోదు."