వంటాయన నాలుక

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటాయన ఒక్కచోట నిలబడడు. బీపీ పెరిగింది, పాదాలు వాచాయి, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచి మరీను. పొయ్యి దగ్గర నుంచి వడ్డించే కిటికీ దాకా, కిటికీ నుంచి పొయ్యి దాకా తిరుగుతూనే ఉంటాడు. మధ్యలో వంగి, కాలిని బొటనవేలితో నొక్కి, వాపుకు గుంట పడుతుందేమో చూసుకుంటాడు. ఇప్పుడు గుంటలు పడటం లేదు. కాకపోతే ఉప్పు మానిన నాలుక ఎంత సుకుమారంగా తయారైందంటే, కుళాయి నీళ్ళు కూడా ఆయనకు సముద్రంలా తగులుతాయి. ఆయనకు సరిపోయిన కూర జనానికి చప్పగా ఉంటోంది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే వేరే మనిషిని చూసుకుంటానని మేనేజరు చెప్పేశాడు.

నిన్న మాత్రం ఒక్కరూ ఉప్పు అడగలేదు. కిటికీకి అతుక్కుపోయి చూసిన వంటాయన, కూరలు తరిగే భార్య వైపు తిరిగాడు.

"నువ్వేమైనా వేశావా?"

"వెయ్యక? మీరు అటు వెళ్ళగానే గుప్పెడు వేశాను. పొయ్యి దగ్గర ఎప్పుడున్నారు గనక?"

"మరి నా తిండి?"

"మీ గిన్నె ముందే తీసి పెట్టాను లెండి."

వంటాయన మూతి ముడుచుకున్నాడు. ఇవాళ కూర ఉడుకుతుండగా తనంతట తానే కిటికీ దగ్గరికి వెళ్ళి, పొయ్యికి వీపు పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.